అపోహలు - వాస్తవాలు: కార్తీక సోమవారం పోయిన రెండు కిలోలు

కార్తీక మాసం వచ్చిందంటే మంగళవారం పొద్దున నాకన్నా నా గదిలోని బరువు యంత్రానికే గిరాకీ ఎక్కువ. భీమవరంలో ఆహార సలహాలు చెప్పే పని నాది. సోమవారమంతా ఉపవాసం ఉండి, చుక్క చూసి పలహారం చేసినవారు మర్నాడు వచ్చి యంత్రం ఎక్కుతారు. కిలోన్నర, ఒక్కోసారి రెండు కిలోలు తగ్గి ఉంటారు. ముఖాలు వెలిగిపోతాయి. శుక్రవారం మళ్లీ వస్తారు, ఆ ముఖాలు చూడలేను.

అపోహ: ఉపవాసంలో తగ్గిందంతా కొవ్వే.

కాదు. ఎన్నేళ్లు చెప్పినా మళ్లీ చెప్పాల్సి వస్తోంది. సార్వా కోతలయ్యాక ధాన్యం రోడ్డు పక్కన ఆరబోస్తారు కదా. తేమ 17 శాతానికి దిగితే గాని కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఆరాక కాటా వేస్తే తూకం తగ్గుతుంది. గింజలేమైనా తగ్గాయా? రైసు మిల్లులో గుమాస్తాగా చేసిన మా నాన్నగారు గింజ కొరికి తేమ ఎంతో చెప్పేసేవారు. మనిషిని అలా కొరికి చూడలేం కనుక లెక్క చెబుతాను.

కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల దాకా గ్లైకోజన్, అంటే ఒళ్లు దాచుకున్న పిండిపదార్థం, నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాము దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి లేని రోజు ముందు ఖర్చయ్యేది ఈ నిల్వే, దానితోపాటు నీరూ పోతుంది. ఇన్సులిన్ తగ్గడంతో మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ వదిలేస్తాయి. పేగులు ఎలాగూ ఖాళీ. తూకం పడిపోవడానికి ఇవి చాలు. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. రోజుకు 1,800 కేలరీలు ఖర్చయ్యే మనిషి పచ్చి మంచినీళ్లతో గడిపినా పావుకిలో కొవ్వు కూడా కరగదు. ఆ కాస్త లోటులోనూ కొంత రాత్రి పలహారం పూడ్చేస్తుంది.

పలహారం సంగతి కూడా చెప్పాలి. వరి పండే ఊళ్లు కదా, అన్నం ముట్టకపోతే చాలు, అదే మనకు ఉపవాసం. ఉప్పుడు పిండి, రవ్వ ఉప్మా, సగ్గుబియ్యం పాయసం లెక్కలోకి రావు. పెద్దాపురం, సామర్లకోట వైపు కర్రపెండలంతో తయారయ్యే ఆ సగ్గుబియ్యం దాదాపు అంతా పిండిపదార్థమే. 100 గ్రాములకు 350 కేలరీలు, అంటే బియ్యంతో సమానం. బియ్యంలో 7 గ్రాముల మాంసకృత్తులైనా ఉంటాయి, ఇందులో ఒక్క గ్రాము కూడా ఉండదు. అన్నం మీద అలిగి అంతకన్నా బీద తిండి తింటున్నాం.

వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకున్న ఒకావిడ చివరి వారం నా దగ్గర ఏడ్చేశారు. ప్రతి ఆదివారం తగ్గడం, బుధవారానికి పెరగడం. మొత్తం మీద అరకిలో పెరిగారు. ‘నా భక్తిలోనే లోపం ఉందేమో మేడమ్’ అన్నారు. తిరుగు ప్రయాణంలో ఆత్రేయపురం పూతరేకులు కొన్నారా అని అడిగాను. ఏడుపులోనే నవ్వొచ్చింది ఆవిడకు. వచ్చిపోయేది నీరేనని ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆవిడకు అంత దిగులు ఉండేది కాదు. బరువు చూసుకోవాలంటే ఉపవాసం అయిన నాలుగో రోజు చూసుకోండి. నడుముకు టేపు పెట్టి నెలకోసారి కొలవండి. వారం మొత్తంలో తిండి తగ్గితే బరువు తప్పక తగ్గుతుంది. అది ఉపవాసంతో తగ్గినా, రోజూ నాలుగు ముద్దలు మానేసి తగ్గినా ఫలితం దాదాపు ఒకటే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఉపవాసం ఒంట్లో విషాలను కడిగేస్తుందట! ఆ పని కాలేయం, మూత్రపిండాలు మనం అన్నం తిన్న రోజు కూడా చేస్తూనే ఉంటాయి. రంజాన్ నెలంతా ఉన్నవారికి సగటున తగ్గేది ఓ కిలో, అదీ కొన్ని వారాల్లో చాలావరకు తిరిగి వస్తుంది. ఒక్క రోజుకే కండ కరిగిపోదు, నడక మానక్కర్లేదు. బరువులెత్తే కసరత్తు మాత్రం తిన్నాక చేయండి. మంచినీళ్లు కూడా ముట్టని రోజైతే అసలు వద్దు.

షుగరు ఉన్నవారికి మాత్రం తొందరపడి చెప్పను. తిండి మానేసి మాత్ర మామూలుగా వేసుకునేవారూ ఉన్నారు, ఎవరినీ అడగకుండా మాత్ర మానేసేవారూ ఉన్నారు. రెండూ ప్రమాదమే. నెల మొదలయ్యేలోపే డాక్టరును కలిసి మోతాదు మార్పించుకోండి. చక్కెర 70కి దిగువకు వచ్చినా, 300 దాటినా ఉపవాసం విరమించాలి. 70కి దిగితే, లేదా చెమటలు, వణుకు మొదలైతే వెంటనే పంచదార నీళ్లు తాగండి, వ్రతం చెడుతుందని ఆగకండి.

కొన్నేళ్ల క్రితం మా అత్తయ్యగారితో నేనూ పంచారామాల బస్సు ఎక్కాను. అమరావతి నుంచి మొదలుపెట్టి భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం తిరిగి సామర్లకోట చేరేసరికి చీకటి పడింది. పగలంతా మజ్జిగ తప్ప ఏమీ లేదు, రాత్రి హోటల్లో రెండు పెసరట్లు తిన్నాను, ఉప్మాతో సహా. మర్నాడు చూస్తే కిలోన్నర తగ్గాను. ఈ లెక్కలన్నీ తెలిసి కూడా ఆ పొద్దున యంత్రం దిగి మళ్లీ ఎక్కి చూసుకున్నాను. గురువారానికి కిలోన్నరా తిరిగి వచ్చేసింది. అత్తయ్యగారికి చెప్పలేదు.