జాతీయ ఫుట్‌బాల్ జట్టుకు ఒకే మైదానం ఉండాలా? అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ మైదానాల పచ్చికను పెంచి, మ్యాచ్‌లకు సిద్ధం చేసే పనిలో నేను పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. భారత జట్టు సొంతగడ్డ మీద ఓడిన ప్రతిసారీ, 2025 అక్టోబరు 14న గోవాలోని మడ్‌గావ్‌లో సింగపూర్ చేతిలో 1-2తో ఓడినప్పుడు కూడా, సాయంత్రం సాధనకు వచ్చే పిల్లల తండ్రులు నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు. ఇంగ్లండ్‌కు వెంబ్లీ ఉన్నట్టు మన జట్టుకూ ఒక స్థిరమైన స్టేడియం ఉంటే ఈ గతి పట్టేది కాదు కదా అని వారి బాధ. ఆ ప్రశ్న వెనుక ఉన్న నమ్మకాలలో కొన్ని సగం నిజాలు, కొన్ని పూర్తిగా అపోహలు.

అపోహ: ఫుట్‌బాల్‌లో గొప్ప దేశాలన్నిటికీ ఒకే సొంత స్టేడియం ఉంటుంది.

వాస్తవం: జర్మనీ 1954, 1974, 1990, 2014లలో నాలుగుసార్లు ప్రపంచకప్ గెలిచింది గాని, ఆ జట్టుకు స్థిరమైన మైదానమంటూ లేదు. ఇటలీ, స్పెయిన్ కూడా ఊరూరా తిరిగి ఆడే జట్లే. ఫ్రాన్స్ మాత్రం 1998లో ప్రారంభమైన స్టాడ్ ద ఫ్రాన్స్‌ను ప్రధాన వేదికగా చేసుకుంది. వెంబ్లీనే ఉదాహరణగా చూపేవారు ఒక సంగతి మరచిపోతారు. పాత వెంబ్లీలో చివరి మ్యాచ్ 2000 అక్టోబరు 7న జరిగింది, అందులో ఇంగ్లండ్ జర్మనీ చేతిలో 0-1తో ఓడింది. అప్పటినుంచి 2007లో కొత్త స్టేడియం తెరిచేదాకా ఆ జట్టు క్లబ్బుల మైదానాలు అడిగి తీసుకుని దేశమంతా ఆడింది. 2001 అక్టోబరులో గ్రీసు మీద ఆఖరి నిమిషాల్లో బెక్‌హామ్ ఫ్రీకిక్‌తో కొట్టి, జట్టును ప్రపంచకప్‌కు చేర్చిన ఆ గోలు పడింది వెంబ్లీలో కాదు, మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్‌లో.

అపోహ: జట్టు ఎప్పుడూ ఒకే మైదానంలో ఆడితే, ఆ నేల ఆటగాళ్ల కాళ్లకు అలవాటై సొంతగడ్డ బలం పెరుగుతుంది.

వాస్తవం: క్లబ్బు విషయంలో ఇది చాలావరకు నిజం, జాతీయ జట్టు విషయంలో నిజం చాలా తక్కువ. క్లబ్బు ఆటగాడు ఏడాదిలో సగం మ్యాచ్‌లు ఒకే పచ్చిక మీద ఆడతాడు. జాతీయ జట్టు ఆటగాళ్లు, క్లబ్బు పోటీలు ఆగే అంతర్జాతీయ విరామంలో, మ్యాచ్‌కు నాలుగైదు రోజుల ముందు కలుస్తారు, వేరే సాధన మైదానంలో కసరత్తు చేస్తారు, మ్యాచ్ జరిగే పచ్చిక మీద సాధారణంగా ముందురోజు ఒక్క గంట మాత్రమే గడుపుతారు. ఆ గంట అతిథి జట్టుకూ దొరుకుతుంది. ఏడాదికి నాలుగైదు మ్యాచ్‌లతో, అదీ మధ్యలో జట్టే మారిపోతూ ఉంటే, కాలికి అలవాటు అనేది ఎక్కడినుంచి వస్తుంది?

సొంతగడ్డ బలం వేరే చోటునుంచి వస్తుంది. బొలీవియా సంగతి చూడండి. సముద్రమట్టానికి దాదాపు 3,600 మీటర్ల ఎత్తున ఉన్న లా పాస్‌లో ఆ జట్టు 2009 ఏప్రిల్ 1న అర్జెంటీనాను 6-1తో చిత్తు చేసింది. అయినా 2024లో ఆ పాత మైదానాన్ని పక్కనపెట్టి, నాలుగు వేల మీటర్లకు పైన ఉన్న ఎల్ ఆల్టోకు ఎక్కింది, 2025 సెప్టెంబరులో అక్కడే బ్రెజిల్‌ను 1-0తో ఓడించింది. బొలీవియా నమ్ముకున్నది స్టేడియాన్ని కాదు, పల్చని గాలిని. అమెరికా జట్టు లెక్క మరొకటి. పెద్ద నగరాల్లో మెక్సికోతో ఆడితే గ్యాలరీలు మెక్సికో అభిమానులతో నిండిపోతాయి కనుక, సుమారు ఇరవై వేల మంది పట్టే కొలంబస్ స్టేడియాన్ని ఏరికోరి ఎంచుకుని 2001, 2005, 2009, 2013 ప్రపంచకప్ అర్హత పోటీలు నాలుగింటిలోనూ మెక్సికోను 2-0తోనే ఓడించింది. అయిదోసారి, 2016లో, అదే కొలంబస్‌లో మెక్సికో 2-1తో గెలిచింది. ఆ నాలుగు విజయాలు మైదానం మహిమే అని నమ్మినవారికి ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు.

ఇక హోరు కోసం మైదానం మార్చేవారికి అర్జెంటీనా అనుభవం ఉంది. బ్వెనస్ ఐరిస్‌లోని విశాలమైన మోనుమెంటల్ స్టేడియంలో ప్రేక్షకులు దూరంగా ఉంటారని 2009లో బ్రెజిల్ మ్యాచ్‌ను రొసారియోకు తరలించి 1-3తో ఓడారు. 2017లో పెరూ మ్యాచ్‌ను ఇరుకైన బొంబొనేరా స్టేడియానికి మార్చి 0-0తో సరిపెట్టుకున్నారు. మన కోల్‌కతా కథా అంతే. 2022 జూన్‌లో సాల్ట్ లేక్ స్టేడియంలో కంబోడియా, అఫ్గానిస్తాన్, హాంకాంగ్‌ల మీద వరుసగా మూడు మ్యాచ్‌లూ గెలిచి ఆసియా కప్‌కు అర్హత సాధించాం. అదే స్టేడియంలో, 2024 జూన్ 6న, సునీల్ ఛెత్రీ వీడ్కోలు కోసం జనం కిక్కిరిసిన రాత్రి, కువైట్ మీద గోలు కొట్టలేక 0-0తో వెనుదిరిగాం.

అపోహ: ఒకే మైదానమైతే పచ్చిక ఎప్పుడూ బాగుంటుంది.

వాస్తవం: ఇది నా వృత్తికి సంబంధించిన మాట కనుక కొంచెం ఎక్కువే చెబుతాను. పచ్చికకు ఆట కన్నా, ఆట లేని రోజుల్లో యజమాని చేసే పనుల వల్లే ముప్పు ఎక్కువ. జాతీయ జట్టు ఏడాదిలో నాలుగైదు సాయంత్రాలు ఆడి వెళ్లిపోతే, మిగిలిన మూడు వందల అరవై రోజులు ఆ స్టేడియం జీతాలు, కరెంటు, నీళ్లు ఎవరు భరించాలి? సంగీత కచేరీలకో, సభలకో, ఇంకో ఆటకో అద్దెకివ్వక తప్పదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం సొంతమైన వెంబ్లీకే ఆ తిప్పలు తప్పలేదు. 2007 అక్టోబరు చివర అక్కడ వానలో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడించారు, నేల దున్నిన చేనులా తయారయింది. నాలుగు వారాలు తిరగకముందే, నవంబరు 21న, క్రొయేషియా వచ్చి అదే నేల మీద 3-2తో గెలిచి ఇంగ్లండ్‌ను యూరోపు దేశాల పోటీ అయిన యూరో 2008కు దూరం చేసింది. దూరంనుంచి కొట్టిన మొదటి గోలు, బంతి గోల్‌కీపర్ ముందు నేలకు తగిలి ఎగిరి పడింది. తప్పంతా పచ్చికదని అనను, కానీ ఆ దృశ్యం చూసిన మా వృత్తివాడెవడూ గోల్‌కీపర్‌ను మాత్రమే తిట్టడు.

మన దేశంలో పెద్ద స్టేడియాలు చాలావరకు రాష్ట్ర ప్రభుత్వాలవి, ఫుట్‌బాల్ సమాఖ్య అక్కడ అద్దెదారు. నేను పనిచేసిన ఒక మైదానాన్ని, పేరు అనవసరం, ముఖ్యమైన మ్యాచ్‌కు పదిహేను రోజుల ముందు ఒక సభకు ఇచ్చారు. మూడు రోజులు ప్లైవుడ్ పలకల కింద ఉన్న గడ్డి, పలకలు తీసేసరికి ఉడికించిన తోటకూరలా అయింది. గుంజల గుంతలు పూడ్చడం ఒక పని, ఊడిపడిన మేకులను ఏరడం ఇంకొక పని. కర్రకు అయస్కాంతం కట్టి, మైదానమంతా ఈడ్చుకుంటూ రెండు పూటలు తిరిగాం.

మన మైదానాల్లో ఎక్కువగా వేసే బెర్ముడా గడ్డి ఎవరో కాదు, వినాయకుడి పత్రిలో మనం పెట్టే గరికకు చుట్టమే. ఎండను, తొక్కిడిని తట్టుకుని పాకుతుంది, దెబ్బతిన్న చోట మళ్లీ అల్లుకుంటుంది. అది ఓర్వలేనివి రెండు: నీడ, వేళ్ల దగ్గర నిలిచిన నీరు. గోడలూ పైకప్పూ పెరిగిన కొద్దీ స్టేడియంలో నీడ పెరుగుతుంది. అడుగున ఇసుక పొర, దాని కింద నీరు పోయే గొట్టాలు సరిగ్గా లేకపోతే, పైన ఎంత పచ్చగా కనిపించినా ఒక పెద్ద వానకు ఆ మైదానం చెరువే.

ఈ సంగతి హైదరాబాద్ వాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. 2008లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) ఛాలెంజ్ కప్‌కు మన నగరం ఆతిథ్యమిచ్చింది. ఆగస్టు వానలకు మైదానాలు తడిసి ముద్దయ్యాక ఫైనల్‌ను ఢిల్లీలోని అంబేద్కర్ స్టేడియానికి మార్చారు. ఆగస్టు 13న అక్కడ ఛెత్రీ మూడు గోల్స్ కొట్టాడు, భారత్ 4-1తో తజికిస్తాన్‌ను ఓడించింది, 1984 తర్వాత మొదటిసారి ఆసియా కప్‌కు అర్హత సాధించింది. మనం టీవీలో చూశాం.

అపోహ: జాతీయ స్టేడియం రాజధానిలోనే ఉండాలి.

వాస్తవం: అలాంటి నియమం ఎక్కడా లేదు. 2007, 2009, 2012 నెహ్రూ కప్‌లు ఢిల్లీలోనే గెలిచాం, అయినా జట్టు అక్కడ స్థిరపడలేదు. ప్రేక్షకులు కోల్‌కతాలో, కేరళలో, గోవాలో, ఈశాన్య రాష్ట్రాల్లో ఉన్నారు.

అపోహ: మ్యాచ్‌లను ఊరూరా తిప్పితే ఆట దేశమంతా పెరుగుతుంది.

వాస్తవం: ఒకే స్టేడియం వద్దనేవారిలో చాలామంది ఈ రెండో భ్రమలో ఉంటారు. 2024లో భారత జట్టు గచ్చిబౌలికి రెండుసార్లు వచ్చింది. సెప్టెంబరులో మారిషస్‌తో 0-0, వినాయక చవితి వెళ్లిన రెండో రోజున సిరియా చేతిలో 0-3, నవంబరు 18న మలేషియాతో 1-1. ఆ మూడు మ్యాచ్‌ల వల్ల మన బస్తీల్లో ఒక్క లీగ్ కొత్తగా మొదలైందని నేను వినలేదు. ఈ నగరం ఒకప్పుడు దేశానికి ఆటగాళ్లను పంపింది జాతీయ మ్యాచ్‌లు చూసి కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు, అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ పోటీ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. ఆ బలం పిల్లలు రోజూ ఆడుకునే ఖాళీ స్థలాలది, వారం వారం జరిగే స్థానిక పోటీలది. ఇప్పుడు ఆ స్థలాల్లో అపార్టుమెంట్లు ఉన్నాయి.

అపోహ: అయితే ఒకటో, పాతికో, మధ్యేమార్గం లేదు.

వాస్తవం: ఉంది. మూడు నాలుగు నగరాలను ఎంచుకుని, ఏ నెలలో ఏ మైదానమో ఏడాది ముందే ప్రకటించి, ఆ మ్యాచ్‌కు ఆరు వారాల ముందునుంచి ఆ నేల మీద సభలూ కచేరీలూ పెట్టరాదని ఒప్పందంలో రాయించుకుంటే చాలు. ప్రత్యర్థిని బట్టి ఎంచుకునే వెసులుబాటూ మిగులుతుంది: గాలిలో చెమ్మకు అలవాటు లేని జట్టును కొచ్చికి పిలవవచ్చు, ఎత్తుకు అలవాటు లేనివారిని షిల్లాంగ్‌కు పిలవవచ్చు. మా నగరం ఆ జాబితాలో ఉండాలనే నా కోరిక, కానీ సెప్టెంబరు మ్యాచ్ మాత్రం మాకు ఇవ్వకండి. 2024లో మారిషస్ మ్యాచ్ జరిగిన వారమే మున్నేరు, బుడమేరు పొంగి ఊళ్లను ముంచాయి. నవంబరులో ఇవ్వండి. వానలు వెనక్కి తగ్గి, చలి ఇంకా గడ్డిని నిద్రపుచ్చని ఆ మూడు నాలుగు వారాల్లో, ఎవరూ పలకలు పరచకుండా ఉంటే, ఇక్కడి నేల మీద బంతి తిన్నగా దొర్లుతుంది.