శాసనాన్నీ నిలదీయాల్సిందే: చరిత్ర ఆధారాలపై అపోహలు, వాస్తవాలు

ఎక్కడో ఒక ఊళ్లో చెరువు పూడిక తీస్తుంటే రాయి బయటపడుతుంది. దాని మీద అక్షరాలుంటాయి. సాయంత్రానికల్లా ఫొటో పది వాట్సాప్ గ్రూపులు తిరిగేస్తుంది. ఈలోగా ఓ రాజు పేరు, ఓ సంవత్సరం ఎక్కడినుంచో వచ్చి దానికి అతుక్కుంటాయి. శాసనాల మీద పనిచేసేవాళ్లు ఆ రాయిని సాక్షి కింద లెక్కేస్తారు. ఎవరు చెక్కించారు, ఎప్పుడు, ఎవరు చదవాలని, అలా రాస్తే ఎవరికి లాభం? డిటెక్టివ్ అడిగే ప్రశ్నలే ఇవి. కాకపోతే ఈ సాక్షిని మళ్లీ పిలిపించే వీల్లేదు. రాబట్టాల్సిందంతా ఆ పది, పన్నెండు పంక్తుల్లోంచే రాబట్టాలి.

అపోహ: శాసనంలో ఉందంటే జరిగినట్టే.

వాస్తవం: ఒకే శాసనంలో రెండు రకాల మాటలుంటాయి. ఎవరు, ఏ దేవుడికి, ఎంత భూమి, ఏ హద్దుల మధ్య ఇచ్చారన్నది దస్తావేజు. అందులో తప్పు రాస్తే పక్క పొలం రైతే పట్టుకుంటాడు. దానికి ముందు వచ్చే బిరుదులు, గెలుపుల వర్ణన ప్రశస్తి. అది రాయించినవాడి గొప్ప చెప్పడానికి పుట్టింది. ఈ రెంటినీ ఒకే తక్కెడలో వేస్తే లెక్క తప్పుతుంది.

నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనాన్నే చూడండి. రుద్రమదేవి 1295 ప్రాంతం దాకా పాలించిందని పాత పుస్తకాలు రాశాయి. చందుపట్ల రాయి ఆ లెక్కను మార్చేసింది. శక సంవత్సరం 1211, విరోధి, మార్గశిర శుద్ధ ద్వాదశి, అంటే 1289 నవంబరు 27. కాకతి రుద్రమదేవి, సేనాపతి మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే అతను భూమి దానం చేశాడని అందులో ఉంది.

ఒక్క రాయిని నమ్మి పాఠ్యపుస్తకం మార్చొచ్చా? ఇక్కడ మార్చొచ్చు. ముమ్మడి ఆ మల్లికార్జునుడి కొలువులోని మనిషే కాబట్టి, యజమాని పోయిన సంగతి అతనికి తెలియకుండా ఉండదు. రాణి చనిపోయిందని అబద్ధమాడితే అతనికి ఒరిగేదేమీ లేదు. పైగా మరణం గురించి చెప్పడానికి రాయి నాటలేదు. దానం గురించి చెబుతూ ఆ మాట దొర్లించాడు. ఇలా యథాలాపంగా దొర్లిన మాటకే మా పనిలో విలువెక్కువ. దొర్లించినవాడికి దాన్ని అలంకరించాల్సిన అవసరం ఉండదు.

ఇక రాయి చెప్పనివి. ఆ తిథి దానం చేసిన రోజుది. మరణం ఆ రోజే కావచ్చు, అంతకుముందైనా కావచ్చు. నవంబరు 27ను వర్ధంతిగా జరుపుకునే పోస్టుల్లో ఈ తేడా కనబడదు. ఎలా చనిపోయిందన్న ముక్క కూడా అందులో లేదు. కాకతీయులపై తిరగబడ్డ సామంతుడు, కాయస్థ అంబదేవుడితో యుద్ధంలో పోయిందన్నది అనుమితి, అంటే ఆధారాలను బట్టి ఊహించి తేల్చింది. రాణి పేరు, సేనాపతి పేరు ఒకే వాక్యంలో రావడం ఒక ఆధారం. రెండోది ఆ మరుసటి ఏడాది, 1290లో అంబదేవుడు వేయించిన త్రిపురాంతకం శాసనం. మల్లికార్జునుణ్ణి ‘సప్తాంగాలూ’ లేకుండా చేశానని అందులో గొప్ప చెప్పుకున్నాడు. సప్తాంగాలంటే రాజు, మంత్రి, రాజ్యం, కోట, ఖజానా, సేన, మిత్రులు. మల్లికార్జునుడు వట్టి సేనాపతి కాబట్టి, ఇందులో ‘రాజు’ అన్నది రుద్రమేనని పండితుల వాదన. బలమైన వాదనే. అయినా అది ప్రశస్తిలోని మాట మీద కట్టింది. రాసేటప్పుడు ‘1289 నవంబరు నాటికి చనిపోయింది’ అని నిశ్చయంగా రాయొచ్చు. ‘అంబదేవుడితో పోరులో’ అన్నదానికి మాత్రం ‘బహుశా’ చేర్చి తీరాలి.

అపోహ: కళ్లారా చూసినవాడు రాశాడు కాబట్టి తిరుగులేదు.

వాస్తవం: వెనిస్ వర్తకుడు మార్కో పోలో ‘ముత్ఫిలి’ అని రాసిన చోటు మన మోటుపల్లి రేవు. భర్త పోయాక నలభై ఏళ్లుగా రాజ్యమేలుతున్న రాణి అక్కడ ఉందని రాశాడు. శాసనాల ప్రకారం రుద్రమ గణపతిదేవుడి కూతురు. పాలనాకాలం 1262 నుంచి లెక్కేసుకున్నా నలభై ఏళ్లు రావు. మరి పోలోను చెత్తబుట్టలో వేయాలా? అక్కర్లేదు. సాలెగూడంత సన్నని బట్టల గురించి, వజ్రాల గురించి అతను చెప్పింది పనికొస్తుంది. రేవు సరుకు వర్తకుడి కంటికి ఆనుతుంది. అంతఃపురం బంధుత్వాలు రేవులో చెప్పుకునే కబుర్లుగా చెవిన పడతాయి.

లోయలోకి మాంసం ముద్దలు విసిరితే గద్దలు వాటికి అంటుకున్న వజ్రాలను పైకి తెస్తాయన్న కథ ఉంది చూశారూ, అది పోలోకు వందల ఏళ్ల ముందు నుంచే వేరే దేశాల పేర్లతో తిరుగుతున్నదే. అందుకే మనిషి మొత్తాన్ని నమ్మడం, నమ్మకపోవడం అని ఉండదు. వాక్యం వాక్యానికీ మార్జిన్లో ‘చూశాడు’, ‘విన్నాడు’, ‘అరువు తెచ్చాడు’ అని రాసుకుంటూ పోవాలి.

అపోహ: రాజు ఆజ్ఞ దొరికితే అది అమలైనట్టే.

వాస్తవం: అదే మోటుపల్లిలో గణపతిదేవుడి అభయశాసనం ఉంది, శక 1166, అంటే 1244. తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే ఇదివరకటి రాజులు సరుకంతా లాక్కునేవారు, మేం ముప్పయింట ఒక వంతు సుంకం తప్ప ఏమీ తీసుకోం అని అందులో హామీ ఇచ్చాడు. దీన్ని చదివి ‘కాకతీయుల కాలంలో వర్తకులకు పూర్తి రక్షణ’ అని రాసేస్తారు. శాసనం గట్టిగా రుజువు చేసేది ఇంకొకటి: వర్తకుల్లో ఆ భయం ఉందని, రేవుకు ఓడలు రావాలంటే ఆ భయం తీర్చక తప్పలేదని. హామీ నిలబడిందా లేదా అన్నదానికి వేరే ఆధారం వెతుక్కోవాలి. 114 ఏళ్ల తర్వాత, 1358లో, రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే ఊళ్లో వర్తకులకు మళ్లీ హామీలిస్తూ శాసనం వేయించాల్సి వచ్చింది.

అపోహ: శక సంవత్సరానికి 78 కలిపితే తేదీ వచ్చేస్తుంది.

వాస్తవం: 78 కలపడం మొదటి మెట్టు మాత్రమే. శకవర్షం ఉగాదికి మారుతుంది కాబట్టి జనవరి నుంచి ఉగాది దాకా పడే తిథులకు 79 కలపాలి. అసలు పరీక్ష ఆ తర్వాత మొదలవుతుంది: శాసనంలోని సంవత్సరం పేరు (ప్రభవ నుంచి అక్షయ దాకా ఉన్న అరవైలో ఒకటి) ఆ అంకెకు సరిపోతుందా అని.

శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగించండి. మిగిలిన శేషమే ప్రభవ నుంచి లెక్కపెట్టిన వరుస సంఖ్య (శేషం సున్నా వస్తే అక్షయ). మోటుపల్లికి 1166 + 12 = 1178, శేషం 38, అంటే క్రోధి. శాసనంలోనూ క్రోధే ఉంది. చందుపట్లకు 1211 + 12 = 1223, శేషం 23, విరోధి. అదీ సరిపోయింది. లెక్క మీద అనుమానముంటే 2024 ఉగాదికి మొదలైన శక 1946తో సరిచూడండి, మళ్లీ క్రోధే వస్తుంది.

ఈ లెక్క ఎక్కువగా అక్కరకొచ్చేది అంకె అరిగిపోయినప్పుడు. 12 తర్వాత అంకె కనబడడం లేదు, చివర 1 ఉంది, సంవత్సరం పేరు విరోధి అనుకోండి. 1201 నుంచి 1291 దాకా పది అవకాశాలు. విరోధికి సరిపడేవి 1211, 1271 రెండే. ఇక ఆ రెంటి మధ్య 60 ఏళ్ల తేడాను లిపి, అందులోని మనుషుల పేర్లు తేలుస్తాయి. శేషం ఒకటి ఎక్కువో తక్కువో వస్తే వెంటనే దొంగశాసనం అనకండి. గడిచిన సంవత్సరం బదులు నడుస్తున్న సంవత్సరం లెక్క రాసే అలవాటు కూడా ఉండేది. తిథి, వారం రెండూ ఉంటే స్వామికన్ను పిళ్లై తయారుచేసిన ఎఫిమెరిస్ పట్టికల్లో ఆ తిథి ఆ వారం నాడు పడిందో లేదో చూడాలి. అన్నీ కుదిరిన తేదీకి ఉండే బలం వట్టి సంవత్సరానికి ఉండదు.

కొన్ని శాసనాలు అంకెలను మాటల్లో దాస్తాయి. చంద్రుడు 1, నేత్రాలు 2, వేదాలు 4, బాణాలు 5, రసాలు, ఋతువులు 6, వసువులు 8, ఆకాశం 0. వీటిని వెనకనుంచి చదవాలి. ‘రస ఋతు చంద్ర చంద్ర’ అంటే 6611 కాదు, 1166. కొత్తవాళ్లు పొరబడేది ఎక్కువగా ఇక్కడే.

అపోహ: కార్బన్ పరీక్ష చేస్తే శాసనం వయసు తేలిపోతుంది.

వాస్తవం: రాయికి కార్బన్ పరీక్ష పనిచేయదు. ఒకప్పుడు ప్రాణమున్న వాటికే, అంటే బొగ్గు, ఎముక, గింజ, కర్రలాంటి వాటికే పనికొస్తుంది. కర్ర విషయంలోనూ అది చెట్టులో ఆ కలప పెరిగిన కాలాన్ని చెబుతుంది, దూలంగా వాడిన కాలాన్ని కాదు. ఫలితం కూడా ఒక్క ఏడాదిగా రాదు, ‘ఇక్కడి నుంచి ఇక్కడి దాకా’ అని వస్తుంది.

తేదీ లేని శాసనానికి మిగిలిన దారి లిపి. కడప జిల్లా కలమళ్లలోని రేనాటి చోళ ధనంజయుడి శాసనంలో శకసంవత్సరం లేదు. అందరూ చెప్పే 575 అన్నది అక్షరాల తీరును, ఆ వంశక్రమాన్ని బట్టి పండితులు వేసిన అంచనా. అక్షరాల తీరును బట్టి వేసే లెక్కకు అటో యాభై, ఇటో యాభై ఏళ్లు వదిలిపెట్టాలి. ‘575లో’ అనే బదులు ‘ఆరో శతాబ్ది చివరి భాగంలో’ అంటే ఆ శాసనానికి వచ్చే లోటేమీ లేదు.

అపోహ: పది చోట్ల ఒకటే ఉంటే అది ఖాయం.

వాస్తవం: పది మందీ ఒకరి దగ్గరే విన్నారేమో చూడాలి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, ఆయన సోదరులు, ఇంకా ఎందరో సహాయకులు ఊరూరా సేకరించిన కైఫీయత్తులే, అంటే ఆయా ఊళ్ల చరిత్ర రాసిన కాగితాలే, ఇందుకు ఉదాహరణ. పక్కపక్క ఊళ్ల కైఫీయత్తుల్లో ఒకే కథ కనిపిస్తే దాన్ని రెండు సాక్ష్యాలుగా లెక్కేయకూడదు. పేర్ల వరుస, తప్పులు కూడా ఒకేలా ఉంటే మూలం ఒక్కటే. చెరువులు, మాన్యాలు, పద్దెనిమిదో శతాబ్ది జమీందారీ గొడవల గురించైతే కైఫీయత్తు బంగారు గని. పన్నెండో శతాబ్దం రాజుల తేదీలకు దాన్ని పట్టుకుంటే మునిగిపోతాం.

అపోహ: నాణేలు దొరికిన చోటల్లా ఆ రాజు పాలించినట్టే.

వాస్తవం: అలాగైతే రోమ్ చక్రవర్తులు నల్గొండను ఏలినట్టే. నాణెం వర్తకంతో నడుస్తుంది. కుండెడు నాణేలు దొరికితే అన్నింటికన్నా కొత్త నాణెం ఏదో చూడాలి. ఆ కుండను దాచింది ఆ నాణెం తేదీ తర్వాతే. కడిగి, తోమి, పంచుకున్నాక ఆ లెక్క ఇక ఎవరికీ అందదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దొరికిన పది రూపాయలకు మించిన సొత్తును కలెక్టరుకు తెలపాల్సిందే.

అపోహ: దొంగ శాసనాలు ఈకాలపు పని.

వాస్తవం: 631 నాటి మధుబన్ రాగిరేకుల్లో హర్షవర్ధనుడు ఒక కూటశాసనాన్ని, అంటే దొంగశాసనాన్ని, పట్టుకుని, ఆ రేకును విరగ్గొట్టించి, దాన్ని చూపించి అనుభవిస్తున్న ఊరిని మరొకరికి ఇచ్చినట్టు ఉంది. రాగిరేకు ఎవరి చేతిలో ఉంటే భూమి వాళ్లది. దొంగశాసనానికి అంతకన్నా కారణమేం కావాలి? అందుకే రాగిరేకులు చేతికి రాగానే లిపి అందులోని తేదీకన్నా కొత్తదిగా ఉందా, వంశక్రమం తక్కిన శాసనాలతో పొసగుతుందా, వారం, తిథి కుదిరాయా అని చూస్తారు. రేకులను గుచ్చిన కడియం కోసి ఉందా, ముద్ర ఆ వంశానిదేనా అన్నదీ ముఖ్యం. కడియం కోసి ఉంటే మధ్యలో ఒక రేకు మార్చి ఉండొచ్చు. అయితే దొంగశాసనమని తేలినా పారేయరు. దాన్ని సృష్టించిన కాలంలో ఏ భూమి మీద తగాదా నడిచిందో అది చెబుతుంది.

అపోహ: అక్షరాలు కనబడకపోతే సుద్దముక్క రుద్దితే చాలు.

వాస్తవం: సుద్ద, పిండి, నూనె, రంగు, ఏవీ వద్దు. సుద్ద రుద్దినవాడు తనకు తోచిన అక్షరాన్నే దిద్దుతాడు. తర్వాత చదివేవాళ్లు ఆ దిద్దుడునే చదువుతారు. వైరు బ్రష్, యాసిడ్ అయితే రాయినే తినేస్తాయి. మెత్తని కుచ్చు బ్రష్, మంచినీళ్లు చాలు. ఫొటోను మిట్టమధ్యాహ్నం తీయకండి, అక్షరాలు చదునుగా పడతాయి. పొద్దు వాలాక టార్చిని రాతికి దాదాపు ఆనించి, పక్కనుంచి వెలుగు జారేలా పట్టుకుని, ఎడమ, కుడి, పై, కింద నాలుగు దిక్కుల నుంచీ తీయండి. ఒక వెలుగులో గీతలా కనిపించింది ఇంకో వెలుగులో రాతి పగులని తేలుతుంది. కొలబద్దను ఫొటోలోనే పెట్టండి.

అచ్చుప్రతి, అదే ఎస్టాంపేజి, నేర్చినవాళ్లు తీయాలి. తడిపిన పల్చని గట్టి కాగితాన్ని రాతి మీద పరిచి, గట్టి కుచ్చు బ్రష్‌తో నడుమ నుంచి అంచులకు కొడుతూ గాలి బుడగలు పోగొడతారు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. సగం ఆరాక సిరా అద్దిన గుడ్డ ఉండతో పైపైన తడతారు. నల్లని కాగితం మీద అక్షరాలు తెల్లగా నిలుస్తాయి. తడి ఎక్కువైతే సిరా గుంటల్లోకి పాకి అక్షరం మాసిపోతుంది. మరీ ఆరితే కాగితం గుంటల్లోంచి పైకి లేచిపోతుంది. రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ అనుమతి ముందే ఉండాలి.

రాయిని కదిలించక ముందే రాసుకోవాల్సినవి: ఎక్కడ, ఏ దిక్కుకు తిరిగి ఉంది, నిలబడి ఉందా, మెట్టుగానో తూము రాయిగానో వాడేశారా, ఎత్తు, వెడల్పు, మందం, ఏ ముఖం మీద ఎన్ని పంక్తులు, పైన సూర్యచంద్రుల బొమ్మలు, లింగం, ఆవు ఉన్నాయా. కాకతీయుల కాలపు స్తంభాలు చాలావాటికి నాలుగు ముఖాలా రాత ఉంటుంది. ముందువైపు ప్రశస్తి చూసి సంతోషపడి వచ్చేస్తుంటారు, దానం చేసినవాడి పేరు, హద్దులు మిగతా ముఖాల మీద ఉండిపోతాయి. కింది పంక్తులు మట్టిలోకి దిగి ఉంటే తవ్వకండి. కనిపించినంత వరకూ ఫొటో తీసి, ‘కింద ఇంకా ఉంది’ అని రాసి శాఖకు పంపండి.