నాలా కట్టినం కదా, ఇంకేం కావాలె? చిన్న పట్టణాల్లో జోన్లు, అనుమతులపై అపోహలు - వాస్తవాలు

మున్సిపాలిటీలో టౌన్ ప్లానింగ్ సెక్షన్ తలుపు దగ్గర రోజూ వినపడే మాట ఇది: "సార్, రిజిస్ట్రేషన్ అయింది, నాలా కట్టినం, ఇంటి నంబరు ఉంది. ఇంకేం కావాలె?" నాలా అంటే సాగుభూమిని వ్యవసాయేతరంగా మార్చుకునేందుకు ఫీజు కట్టి తీసుకునే రెవెన్యూ అనుమతి. అడిగేవాళ్ల చేతిలో ఫైలు నిండా కాగితాలుంటాయి. చిక్కేమిటంటే ఒక్కో కాగితం ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది. ఎవరు ఎవరికి అమ్మారో సేల్ డీడ్ చెబుతుంది. రెవెన్యూ లెక్కల్లో భూమి సాగుదా కాదా అన్నది నాలా ప్రొసీడింగ్స్‌లో ఉంటుంది. అక్కడ ఏం కట్టొచ్చో మాస్టర్ ప్లాన్ (పట్టణంలో ఏ భాగం ఏ వాడకానికో చూపే మ్యాపు) చూడాలి. అది లెక్కలోకి వచ్చే ప్లాటా కాదా అంటే లేఅవుట్ (భూమిని ప్లాట్లు, రోడ్లుగా విడగొట్టిన నక్షా) కావాలి. ఎంత ఎత్తు, ఎంత ఖాళీ అన్నది బిల్డింగ్ పర్మిషన్ తేలుస్తుంది. ఒకదానికి బదులు ఇంకోటి చూపిస్తే పని జరగదు.

కింద రాసినవన్నీ తెలంగాణ మున్సిపాలిటీలకు వర్తించే లెక్కలు. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నుంచి వేరే బిల్డింగ్ రూల్స్ నడుస్తున్నాయి కాబట్టి ఈ అంకెల్ని అక్కడికి మోసుకెళ్లొద్దు.

అపోహ: నాలా అయిందంటే ఇల్లో, షెడ్డో, ఫంక్షన్ హాలో ఏదైనా కట్టుకోవచ్చు.

వాస్తవం: ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. నాలా 2006 నాటి వ్యవసాయ భూమి మార్పిడి చట్టం కింద రెవెన్యూ శాఖ ఇచ్చేది. మాస్టర్ ప్లాన్ పట్టణ ప్రణాళిక చట్టం కింద పురపాలక శాఖది. మీరు నాలా కట్టినంత మాత్రాన మ్యాపులో మీ సర్వే నంబరు మీదున్న ఆకుపచ్చ రంగు చెరిగిపోదు. అగ్రికల్చర్ జోన్‌లో నాలా అయిన భూమి రికార్డుల్లో వ్యవసాయేతరంగా మారుతుంది, ప్లానింగ్ వాళ్ల దగ్గర మాత్రం అగ్రికల్చర్ జోన్‌గానే ఉంటుంది. అక్కడ ఫంక్షన్ హాలుకు దరఖాస్తు పెడితే తిరిగొస్తుంది.

నాలా ఫీజు భూమి మూల విలువలో (రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం పెట్టిన ధర) ఇంత శాతమని ఉంటుంది. ఉదాహరణకు 3 శాతం అనుకుందాం. ఎకరం విలువ 20 లక్షలైతే 60 వేలు. ముందే పునాదులు తీసి తర్వాత నాలాకు వెళ్తే ఆ ఫీజు మీద ఇంకో 50 శాతం జరిమానా పడుతుంది, అంటే మొత్తం 90 వేలు. తర్వాత జోన్ కుదరలేదని తెలిసినా ఆ డబ్బు వెనక్కి రాదు, ఇంకో పనికి సర్దుబాటూ కాదు. ప్రొసీడింగ్స్ కింద ఉండే షరతుల్లో ఈ మాట స్పష్టంగా ఉంటుంది. అసైన్డ్ భూముల చట్టం, భూ గరిష్ఠ పరిమితి చట్టం, ఏజెన్సీలో భూబదలాయింపు నిబంధనలకు లోబడే ఈ ఉత్తర్వు అని కూడా అక్కడే ఉంటుంది. మొదటి పేజీ చూసి మడిచి పెట్టేసేవాళ్లే ఎక్కువ.

అందుకే వరుస తిప్పండి. నాలా కంటే ముందు ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకోండి. దరఖాస్తులో సర్వే నంబరు ఒక్కటే రాస్తే చాలదు. బై నంబరు (సర్వే నంబరులోని ఉపవిభాగం), విస్తీర్ణం, టిప్పన్ (సర్వే శాఖ దగ్గరుండే కొలతల పటం) నకలు, సర్వేయర్ గీసిన స్కెచ్ జత చేయండి. పెద్ద సర్వే నంబర్లలో సగం రెసిడెన్షియల్‌లో, సగం అగ్రికల్చర్‌లో పడటం మామూలే. మీ పది గుంటలు ఏ సగంలో ఉన్నాయో స్కెచ్ లేకుండా ఎవరూ చెప్పలేరు. సర్టిఫికెట్‌లో జోన్ పేరుతో పాటు ఆ భూమి మీదుగా మాస్టర్ ప్లాన్ రోడ్డు పోతోందా, పోతే ఎన్ని అడుగులు, నీటివనరుల బఫర్ (చెరువు, వాగు పక్కన ఖాళీగా వదలాల్సిన మేర) తగులుతోందా అన్నవి కూడా రాయమని అడగండి. అడగకపోతే చాలాసార్లు జోన్ పేరొక్కటే రాసి ఇస్తారు.

రంగుల సంగతి. పసుపు కనిపించగానే నివాస జోన్ అనుకుని బయానా ఇచ్చేయకండి. షేడ్లు ప్లాన్‌కీ ప్లాన్‌కీ మారతాయి. అదే షీటులో మూలన ఉండే రంగుల పట్టికా, ప్లాన్‌తో పాటు వచ్చే జోనింగ్ నిబంధనల పుస్తకమూ చూడాలి. ఒక జోన్‌లో వేటికి అనుమతి ఉంది, వేటికి షరతులతో ఇస్తారు, వేటిని ఒప్పుకోరు అన్నది ఆ పుస్తకంలోనే ఉంటుంది.

అపోహ: కమిషనర్ సంతకం పెడితే జోన్ మారుతుంది.

వాస్తవం: మారదు. కమిషనర్ చేయగలిగింది ఫైలు పైకి పంపడం. ప్రభుత్వం మంజూరు చేసిన మాస్టర్ ప్లాన్‌ను ప్రభుత్వమే, గెజిట్ ద్వారానే మార్చాలి. అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ పరిధిలో లేని పట్టణమైతే ముందు మున్సిపల్ కౌన్సిల్ తీర్మానం కావాలి. సైటు చూసి అప్రోచ్ రోడ్డు వెడల్పు, చుట్టూ ఉన్న వాడకం, దగ్గరలోని చెరువు, వాగు మీద రిపోర్టు రాస్తారు. అది డీటీసీపీకి (రాష్ట్ర పట్టణ ప్రణాళిక డైరెక్టరేట్), అక్కడి నుంచి పురపాలక శాఖకు వెళ్తుంది. ముసాయిదా సవరణ నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరాలకు సాధారణంగా 15 రోజులు ఇస్తారు. కన్వర్షన్ చార్జీలు కట్టాకే తుది ఉత్తర్వు. ఈ చార్జీలు నాలా ఫీజుకు అదనం. "ఒకసారి కట్టినం కదా" అనే వాదన ఇక్కడ నిలవదు.

ఎక్కడ ఆగుతుంది? ఎక్కువగా మూడు చోట్ల. మొదటిది రోడ్డు. బండ్ల బాట మీదున్న రెండెకరాలను కమర్షియల్ చేయమంటే సాంకేతిక రిపోర్టు దగ్గరే పడిపోతుంది. రెండోది చుట్టూ పొలాలే ఉండి మధ్యలో ఒక్క ముక్కకు రంగు మార్చమనడం. మూడోది హద్దులు. ముసాయిదాలో, తుది జీవోలో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం హద్దుల షెడ్యూల్ ఉంటుంది. అది మీ డాక్యుమెంటులోని హద్దులతో కలవకపోతే జీవో వచ్చాక కూడా బిల్డింగ్ పర్మిషన్ దగ్గర కొర్రీ పడుతుంది. ముసాయిదా వచ్చిన రోజే షెడ్యూల్‌ను అక్షరం అక్షరం సరిచూసుకోండి. తుది గెజిట్ తర్వాత ఒక్క సర్వే నంబరు తప్పు దిద్దాలన్నా మళ్లీ పైదాకా వెళ్లాలి.

జీవో చివర్లో ఉండే షరతులనూ వదిలేయకండి. భూ వినియోగ మార్పు ఉత్తర్వును హక్కుకు రుజువుగా చూపకూడదు. రోడ్డు వెడల్పులో పోయే స్థలాన్ని స్థానిక సంస్థకు ఉచితంగా అప్పగించాలి. కావలసిన రోడ్లను సొంత ఖర్చుతో వేయాలి. జోన్ మారింది కాబట్టి పట్టా కూడా ఖాయమైందని చెప్పి అమ్మేవాళ్లు ఈ మొదటి షరతు ఉన్న పేజీ చూపించరు.

అపోహ: ముసాయిదా మాస్టర్ ప్లాన్ వచ్చిందంటే భూమి పోయినట్టే.

వాస్తవం: 2022 చివర్లో, 2023 జనవరిలో కామారెడ్డి చుట్టుపక్కల గ్రామాల రైతులు రోడ్డెక్కింది ఈ భయంతోనే. తమ పొలాలను ఇండస్ట్రియల్ జోన్‌లో చూపించారన్నది వాళ్ల ఫిర్యాదు. అభ్యంతరాల గడువు జనవరి 11న ముగిసింది. 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదా వద్దని తీర్మానించింది. జగిత్యాలలోనూ అవే రోజుల్లో ఆందోళన జరిగి ముసాయిదా వెనక్కి పోయింది.

జోన్ గీయడం వేరు, భూసేకరణ వేరు. ఇండస్ట్రియల్ రంగు వేసినా పట్టా రైతుదే, సాగు ఆపమని ఎవరూ అనరు. సేకరించాలంటే 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం నోటిఫికేషన్, పరిహారం ఉండాలి. అలాగని ఆ భయం ఉత్తదీ కాదు. ఇండస్ట్రియల్ జోన్‌లో ఇళ్ల లేఅవుట్ రాదు, కొనేవాడు ముందుకు రాడు, పిల్ల పెళ్లికి రెండు గుంటలు అమ్ముకుందామంటే ధర పలకదు. వంద అడుగుల రోడ్డు గీత పొలం మధ్య నుంచి పోతే ఆ మేరకు ఇల్లు కట్టే అనుమతీ రాదు. పరిహారమేమో రోడ్డు నిజంగా వేసిన నాటి మాట.

అభ్యంతరం రాస్తే పని చేసేలా రాయండి. "మా ఊరికి అన్యాయం" అని వంద సంతకాలతో ఇచ్చే వినతిపత్రం సభకు బాగుంటుంది, ప్లానర్ టేబుల్ మీద మాత్రం దానితో పెద్దగా పని జరగదు. సర్వే నంబరు, విస్తీర్ణం, ముసాయిదా షీటు నంబరు, ఇప్పుడు అక్కడేముంది (బోరు, తోట, ఇల్లు, ఫొటోలు), ఏ జోన్ ఉండాలంటున్నారు, ఎందుకు అన్నవి ఒక్కో కమతానికీ విడిగా రాయాలి. పాత లేఅవుట్, పాత పర్మిషన్, నాలా ఉంటే నకళ్లు పెట్టాలి. ఇన్‌వార్డు ముద్ర వేయించుకుని ఒక కాపీ ఇంట్లో దాచుకోవాలి. కొత్త ప్లాన్ మంజూరయ్యేదాకా పాత ప్లానే అమల్లో ఉంటుంది. అంటే ముసాయిదా ఆగినంత మాత్రాన మీ భూమికి కోరుకున్న జోన్ వచ్చినట్టు కాదు.

అపోహ: పంచాయతీ లేఅవుట్ కూడా లేఅవుటే, సర్పంచ్, సెక్రటరీ సంతకాలున్నాయి.

వాస్తవం: డీటీసీపీ లేదా అథారిటీ సాంకేతిక మంజూరు నంబరు లేని లేఅవుట్ అనుమతి లేనిదే. 2018లో చుట్టుపక్కల పంచాయతీలు మున్సిపాలిటీల్లో కలిశాక ఈ కాగితాలన్నీ ఒక్కసారిగా పట్టణాల నెత్తిన పడ్డాయి. పక్కా లేఅవుట్‌లో ఎకరం అంటే 4,840 గజాల్లో 10 శాతం, అంటే 484 గజాలు, ఓపెన్ స్పేస్‌కు పోతాయి. రోడ్లకు పాతిక నుంచి ముప్ఫై శాతం పోతుంది. అమ్మడానికి మిగిలేది దాదాపు 2,900 నుంచి 3,150 గజాలు. ఎవరైనా ఎకరానికి 3,800 గజాలు అమ్ముతున్నారంటే పార్కు ప్లాటయిపోయిందన్నమాట, లేదా రోడ్డు సన్నబడిందన్నమాట.

2020 ఎల్‌ఆర్‌ఎస్‌లో (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే పథకం) దరఖాస్తు పెట్టి ఉంటే దారి ఉంది. ఆ ఏడాది ఆగస్టు 26 నాటికి రిజిస్ట్రేషన్ అయిన ప్లాట్లకే అది వర్తిస్తుంది. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం లేకపోతే క్రమబద్ధీకరణ చార్జీ పైన ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టాలి. పది లక్షల విలువకు లక్షా నలభై వేలు. ఏ తేదీ నాటి విలువ మీద లెక్క కట్టారో డిమాండ్ కాగితంలో చూసుకోండి, తేడాలొచ్చేది అక్కడే. చెరువు శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి), మాస్టర్ ప్లాన్‌లో పార్కుగా చూపిన స్థలం మాత్రం ఎంత కట్టినా కుదరవు.

అపోహ: నా డాక్యుమెంటులో 200 గజాలుంటే 200 గజాల మీదా ప్లాను వేయొచ్చు.

వాస్తవం: 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతున్న ప్లాటు తీసుకుందాం. ముందు 20 అడుగుల రోడ్డు, మాస్టర్ ప్లాన్‌లో అది 40. రెండు వైపులా సమంగా పెంచితే మీ వైపు 10 అడుగులు వదలాలి. 300 చదరపు అడుగులు, అంటే 33 గజాలు పోయాయి. మిగిలింది 30×50, దాదాపు 139 చదరపు మీటర్లు. 2012 నాటి జీవో 168 ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటులో 10 మీటర్ల ఎత్తు వరకు కట్టాలంటే, 12 మీటర్ల లోపు రోడ్డుకు ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా 1 మీటరు చొప్పున వదలాలి. ఇంటికి దొరికేది 7.14×12.74 మీటర్లు, సుమారు 980 చదరపు అడుగులు. రోడ్డు పెంపు లేకపోతే 1,210 వచ్చేవి. ఇలా వదిలే ఖాళీనే సెట్‌బ్యాక్ అంటారు. ముందు సెట్‌బ్యాక్ కొలిచేది ఇప్పుడున్న రోడ్డు అంచు నుంచి కాదు, పెంచాక వచ్చే అంచు నుంచి. రోడ్డుకు వదిలిన స్థలానికి టీడీఆర్ (వేరే చోట వాడుకోగల, అమ్ముకోగల నిర్మాణ హక్కు) గానీ సెట్‌బ్యాక్ సడలింపు గానీ అడగొచ్చు. అడిగితేనే వస్తుంది.

పాత ఊళ్లో, గ్రామకంఠంలో (ఊరి నివాస స్థలం) రోడ్డు 6 మీటర్లు కూడా లేకపోతే రోడ్డు మధ్య గీత నుంచి 3 మీటర్లు వదిలి సొంతిల్లు కట్టుకోవచ్చు.

అపోహ: సెల్ఫ్ సర్టిఫికేషన్ వచ్చాక ఎవరూ చూడరు.

వాస్తవం: 2020 నాటి బీపాస్ (ఆన్‌లైన్ భవన అనుమతుల) చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాకా సొంతిల్లయితే ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు దాకా అయితే స్వీయ ధ్రువీకరణతో తక్షణ అనుమతి. పెద్దవాటికి 21 రోజులు. పోర్టల్ పేరు మారినా సూత్రం ఇదే: ముందు మీ మాట నమ్ముతారు, తర్వాత వచ్చి కొలుస్తారు. తప్పు చెప్పి తీసుకున్నారని తేలితే 21 రోజుల్లోపు అనుమతిని రద్దు చేయొచ్చు. ప్లాను దాటి కట్టినదాన్ని నోటీసు లేకుండా కూల్చే అధికారమూ చట్టంలో ఉంది.

రద్దయ్యే ఫైళ్లలో ఎక్కువగా కనపడేది రోడ్డు వెడల్పు. డాక్యుమెంటులో 30 అడుగులని ఉంటుంది, టేపు పెడితే 22. ఆ తర్వాతది జోన్. మూడోది డాక్యుమెంటు కొలతలకూ నేల మీది కొలతలకూ తేడా. ప్లాను గీసే ఇంజినీరును సైటుకు రప్పించి, నాలుగు మూలలూ రోడ్డూ కొలిచాకే అప్‌లోడ్ చేయించండి. సంతకం మీది, బాధ్యతా మీదే.

అపోహ: చెరువు ఎండి ఇరవై ఏళ్లయింది, ఇప్పుడది చెరువు కాదు.

వాస్తవం: నీళ్లున్నాయా లేవా అని ఎవరూ చూడరు, ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) చూస్తారు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, చిన్న కుంటైతే 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల కంటే వెడల్పైన వాగు, నాలాకు 9 మీటర్లు, అంతకు సన్నవాటికి 2 మీటర్లు. ఈ నాలా అంటే నీటి కాలువ, పైన చెప్పిన భూమి మార్పిడి నాలా వేరు. ఫోన్లో మాట్లాడేటప్పుడు జాగ్రత్త.

అపోహ: ఇంటి నంబరు వచ్చింది, పన్ను కడుతున్నాం, కాబట్టి ఇల్లు సక్రమమే.

వాస్తవం: అనుమతి లేని ఇంటికీ పన్ను వేస్తారు, పైగా జరిమానాతో కలిపి. అది కట్టినంత మాత్రాన కట్టడం క్రమబద్ధం కాదని చట్టమే చెబుతోంది. పన్ను రసీదు మీద జరిమానా గడి ఉంటుంది. పాత ఇల్లు కొనేవాళ్లు మొత్తం ఎంతన్నది కాకుండా ముందు ఆ గడిలో ఏముందో చూడాలి. సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాను ప్రకారమే కట్టారని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం) చూపించమని అడిగాకే బయానా ఇవ్వండి.