పాముకి నటన రాదర్రా

శ్రీకాకుళం,
నాగుల చవితి మర్నాడు

చిన్నీ, బాబీ,

దసరా సెలవుల్లో టీవీలో ఆ నిధివేట సినిమా చూసి, రాత్రి బాత్రూమ్‌కి వెళ్లడానికి కూడా నన్ను తోడు రమ్మన్నారు, గుర్తుందా? మంచం కింద టార్చి వేసి చూపించినా బాబీగాడు నమ్మలేదు. "అన్ని పాముల మధ్య హీరో ఎలా నిలబడ్డాడు తాతయ్యా?" అని అడిగితే, నిద్రొస్తోందని తప్పించుకున్నాను. నిన్న మీ నాయనమ్మతో పుట్ట దగ్గరికి వెళ్లినప్పుడు ఆ బాకీ గుర్తొచ్చింది.

నేను సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేశానని మీకు తెలుసు కదా. ఓ రోజు మ్యాట్నీలో ఏదో పాత జానపద చిత్రం రీలు పుటుక్కున తెగింది. కింద జనం ఈలలు, కేకలు. చెడిపోయిన నాలుగు బొమ్మలు (ఫ్రేములు) కత్తిరించి, మిగతాది అతికించి ఆట నడిపించేశాను. తరవాత తీరిగ్గా ఆ ముక్కని బల్బుకేసి పట్టి చూస్తే, గుహ ముందు పడగ విప్పిన పాము. పడగ వెనకాల వెంట్రుకంత సన్నటి నల్ల దారం! ఆ సినిమా అప్పటికి పాతిక ఆటలు వేసుంటాను, ఆ దారం ఎప్పుడూ కంటబడలేదు. సెకనుకి 24 బొమ్మలు పరిగెడుతుంటే దారం ఎవడికి కనబడుతుంది?

ఆ రోజు నాకు తెలిసొచ్చింది, సినిమాలో పాము చేసేది దాదాపు ఏమీ లేదని. పాముకి నటన రాదర్రా. కోపంగా చూడమంటే చూడదు, జాలిగా చూడమన్నా చూడదు. దానికి కనురెప్పలే లేవు. కంటి మీద అద్దంలాంటి పొర ఒకటుంటుంది, అంతే. అందుకే రెప్ప వెయ్యకుండా మననే చూస్తున్నట్టుంటుంది. (ఏ సినిమాలోనైనా పాము కన్ను కొడితే అది పాము కాదు, బొమ్మ.) నాలుక ఆడించడం కూడా బెదిరించడానికి కాదు, పాపం, వాసన పట్టడానికి. ఎడిటర్ ఏం చేస్తాడంటే పాము నాలుక, హీరో నుదుటి మీద చెమట, మళ్లీ పాము, మళ్లీ హీరో గుటక, ఇలా అతికిస్తాడు. దానికి బుస కలుపుతాడు. మనకి టెన్షన్. హీరో, పాము ఒకే రోజు షూటింగుకి వచ్చి ఉండకపోవచ్చు కూడా.

బాబీ అడిగిన దానికి సరిగ్గా సరిపోయే సినిమా ఒకటుంది. 1981లో స్పీల్‌బర్గ్ తీసిన 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్'. కథ ఈజిప్టులో జరుగుతుంది కానీ ఆ పాముల గది ఇంగ్లండులో వేసిన సెట్టు. అందులో వేల పాములు కనిపిస్తాయి. వాటిలో కొన్ని అసలు పాములే కావు, కాళ్లు లేని బల్లులు! తేడా ఎలా తెలుస్తుందంటే, ఆ బల్లికి కనురెప్పలుంటాయి, తల పక్కన చెవి రంధ్రం ఉంటుంది. పాముకి రెండూ ఉండవు. ఇక హీరో మొహానికి ఎదురుగా నాగుపాము లేచే చోట మధ్యలో గాజు పలక అడ్డం పెట్టారు. మొదట వచ్చిన ప్రింటులో ఆ గాజులో పాము నీడ కనబడేది, తరవాత చెరిపేశారు. నా నల్ల దారానికి అన్నగారన్నమాట.

మన వాళ్ల సినిమాల్లో పాముది ఎక్కువగా కాపలా ఉద్యోగం. లంకెబిందెల మీద పాముంటుందని మా నాయనమ్మ చెప్పిన కథే సినిమా వాళ్లూ పట్టుకున్నారు. నిధి ఉందని నోటితో చెప్పక్కర్లేదు, పాముని చూపిస్తే చాలు, హాలంతా నిశ్శబ్దం. మా నాయనమ్మ అయితే చీకటి పడ్డాక పాము అనే మాటే పలికేది కాదు, "పురుగు" అనేది. పేరు పలకడానికే భయపడే చోట తెర మీద నిలువెత్తు పడగ చూపిస్తే జనం దడుచుకోరా మరి?

ఇక నాగస్వరానికి పాము ఆడటం. పాముకి బయటికి చెవులు లేవు. పాములవాడు బూర అటూ ఇటూ ఊపుతుంటే ఆ కదలిక వెంట పడగ తిప్పుతుంది, పాటకి కాదు. ఇంకో తమాషా, 1954 నాటి హిందీ 'నాగిన్'లో దేశమంతా ఊగిపోయిన ఆ బూర అసలు బూరే కాదు. క్లావియోలిన్ అనే మీటల వాద్యం మీద, తరవాత సంగీత దర్శకుడైన కల్యాణ్‌జీ వాయించింది. పాముది అబద్ధం, బూరదీ అబద్ధం. అయినా నాకు ఇప్పటికీ ఒళ్లు ఊగుతుంది.

ఒక్కటి మాత్రం నవ్వుతూ రాయలేను. పాములవాళ్లు కొందరు కోరలు పీకేసి, మూతి కుట్టేసి ఆడించేవారు. అలాంటి పాము తిండి తినలేక కొన్నాళ్లకి చచ్చిపోతుంది. ఇలాంటివి ఆపడానికి వన్యప్రాణి చట్టం 1972లోనే వచ్చింది. ఇప్పుడు పాముల్ని ఎక్కువగా కంప్యూటర్లోనే గీస్తున్నారు. మీరు "తాతయ్యా, గ్రాఫిక్స్ బాగోలేదు" అని నవ్వుతారు గానీ, మూతికి కుట్టు లేని పాము ఎంత వంకరగా ఉన్నా నాకు బాగానే ఉంటుంది.

సినిమా వాళ్లు ఇంకా సరిగ్గా వాడుకోనిది మన గిరినాగుని (కింగ్ కోబ్రా). మన జిల్లా కొండల్లో, జీడితోటల్లో అప్పుడప్పుడు కనబడుతుంది. పన్నెండు పదమూడు అడుగులు మామూలే. దాని తిండి మిగతా పాములు. పాముల్లో అదొక్కటే ఆకులు పోగేసి గూడు కట్టి గుడ్లు పెడుతుంది, ఆడది కాపలా కూడా కాస్తుంది. నిధికి కాదు, పిల్లలకి! ఏ రచయితకీ ఇది తట్టలేదేమిటో. కనబడితే దగ్గరికెళ్లి ఫోటోలు తియ్యకండి. దూరంగా జరిగి పెద్దవాళ్లకి చెప్పండి, అటవీశాఖ వాళ్లు వస్తారు.

పుట్టలో పాలు పోయడం గురించి ఇక్కడ రాయను, ఈ ఉత్తరం నాయనమ్మ కూడా చదువుతుంది.

ఆ నాలుగు బొమ్మల ముక్క నా ట్రంకు పెట్టెలో పాత టికెట్ల మధ్య ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూపిస్తాను. దారం ఎక్కడుందో నేను చెప్పను. చిన్నీ, నువ్వు కూడా తమ్ముడికి చెప్పకు. వాడినే వెతకనీ.

మీ తాతయ్య