గోపాల్‌పూర్ ఇసుకలోని చిట్టి నత్త: అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని బరంపురం నుంచి గోపాల్‌పూర్ తీరానికి విద్యార్థులను తీసుకువెళ్లే జంతుశాస్త్ర అధ్యాపకురాలిని. అక్కడ అందరూ ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గురించే అడుగుతారు. కాళ్ల కింద నలిగే ఉంబోనియం వెస్టియేరియం గురించి ఎవరూ అడగరు. చొక్కా బొత్తామంత ఉండే ఆ నత్త గురించే ఈ నాలుగు మాటలు.

అపోహ: రంగు మారితే జాతి మారుతుంది.
వాస్తవం: గులాబీ, బూడిద, గోధుమ రంగులవీ, చారలవీ, చుక్కలవీ అన్నీ ఒకే జాతి. 1758లోనే స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని వర్ణించాడు. ఇవి శంఖం పిల్లలూ కావు. సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉండే ఈ పరిమాణమే వీటి నిండు ఎదుగుదల.

అపోహ: గవ్వకున్న చిల్లు ఎవరో దండ గుచ్చడానికి పెట్టింది.
వాస్తవం: అది హత్య జరిగిన గుర్తు. గవ్వను వెలుతురుకెత్తి చూడండి. చిల్లు పైన వెడల్పుగా, లోపలికి వెళ్లేకొద్దీ సన్నగా ఉంటుంది, అంచు నున్నగా చెక్కినట్టుంటుంది. ఇది నాటిసిడే కుటుంబానికి చెందిన వేట నత్త పని. ఇసుకలోనే తిరిగే ఆ నత్త చిన్నదాన్ని తన పాదంతో చుట్టేసి, ఆమ్లంతో గుల్లను మెత్తబరుస్తుంది, పళ్ల నాలుకతో గీకుతుంది, మళ్లీ ఆమ్లం పూస్తుంది. గంటల తరబడి ఇదే పని. చిల్లు పడ్డాక లోపలి మాంసం తింటుంది. అలల తాకిడికి అరిగిన చిల్లుకు ఇంత చక్కని అంచు ఉండదు. తీరంలో ఇలాంటి గవ్వలు దొరికితే నాకు సంతోషం. ఎరా, వేటగత్తే రెండూ ఆ ఇసుకలో బతుకుతున్నాయన్నమాట.

అపోహ: నత్తలన్నీ రాతి మీది పాచి గీకి తింటాయి.
వాస్తవం: ఉంబోనియం దగ్గరి బంధువుల్లో చాలా వాటికి అదే అలవాటు. ఇది మాత్రం ఇసుకలో పూడుకుని, నీటిని లోపలికి లాగి, మొప్పలతో ఆహారపు రేణువులను వడకట్టుకుంటుంది.

అపోహ: తీరమంతా దాని ఇల్లే.
వాస్తవం: నీరు పాటు మీద ఉన్నప్పుడు బయటపడే తడి ఇసుక అంచున, పైపొరలోనే దాని కాపురం. మన గంజాం తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. దానికి అడ్డంగా రాళ్ల గట్టు కడితే ఉత్తరాన ఒడ్డు కోతకు గురవుతుంది, ఆ సన్నని అంచూ చెదిరిపోతుంది. రుషికుల్య ముఖద్వారం దగ్గర పోడంపేటలో సముద్రం ఇళ్లను మింగిన సంగతి మన మత్స్యకారులు మరిచిపోలేదు. ఇంటి గోడ పోతే వార్త అవుతుంది, నత్త ఉండే ఇసుక పోతే ఎవరూ రాయరు.

గవ్వలు ఏరేవారికి ఒక్క మాట. నోటికి గోధుమ రంగు పలుచని గుండ్రటి మూత బిగించి ఉంటే లోపల నత్త ఉన్నట్టే, తడి ఇసుకలోనే వదిలేయండి. మూత లేకపోయినా ఒకసారి తిప్పి చూడండి, ఖాళీ గవ్వల్లో కాపురముండే చిన్న సన్యాసి పీత కాళ్లు కనిపించవచ్చు.