బోటుకి ఏ మోటారు కొనాలని అడిగిన పిల్లలకు

పిల్లలూ,

మన రేవుల్లో పాత మోటార్లు మార్చే కాలం వచ్చింది. ఏ ఇంట్లో చూసినా టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా అని ఒకటే చర్చ. మీలో కొందరు ఐటీఐ చదువుతున్నారు, కొందరు నాన్నతో పాటు వేటకి పోతున్నారు. రేపు దుకాణంలో నిలబడి బేరమాడేది మీరే. అందుకని నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కోరంగి మడ కాలువల్లోనో, గౌతమి, వైనతేయ, వసిష్ఠ అనే గోదారి పాయల్లోనో తిరిగే బోటుకైతే ఫోర్ స్ట్రోకు కొనండి. మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, దాటి సముద్రంలోకి వెళ్ళి, తిరిగొచ్చాక ఇసుక మీదికి లాగేసుకునే తేలికపాటి నావకైతే టూ స్ట్రోకుని ఇంకా తీసిపారేయలేం. ఎందుకో తెలియాలంటే సిలిండర్‌లో ఏం జరుగుతుందో చూడాలి.

ఫోర్ స్ట్రోకులో పిస్టన్ నాలుగు సార్లు కదిలితే ఒక పని పూర్తవుతుంది. గాలి, పెట్రోలు పీల్చుకోవడం, నొక్కడం, మండించడం, పొగ బయటికి తోసెయ్యడం. జర్మనీలో నికొలౌస్ ఓటో 1876లో నడిపి చూపించిన పద్ధతి ఇదే. పీల్చడానికి ఒక వాల్వు, వదలడానికి ఒక వాల్వు ఉంటాయి కాబట్టి లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ పెద్దగా కలవవు.

టూ స్ట్రోకులో ఇదంతా పిస్టన్ రెండే కదలికల్లో ముగిస్తుంది. చిన్న మోటార్లలో వాల్వులు ఉండవు, సిలిండర్ గోడకి కంతలు ఉంటాయి. పిస్టన్ కిందికి దిగుతూ ముందు పొగ పోయే కంతని తెరుస్తుంది, వెంటనే కొత్త పెట్రోలు వచ్చే కంతని తెరుస్తుంది. కొద్దిసేపు రెండూ తెరిచే ఉంటాయి. అప్పుడే వచ్చిన పెట్రోల్లో కొంత మండకుండానే పొగతో పాటు జారిపోతుంది. కార్బురేటరు, అంటే గాలిలో పెట్రోలు కలిపే భాగం, ఉన్న పాత రకం మోటార్లలో అలా పోయేది పోసిన పెట్రోల్లో నాలుగో వంతు దాకా ఉంటుంది. నాన్న పది లీటర్లు పోయిస్తే రెండు లీటర్ల పైచిలుకు ఏ పనీ చెయ్యకుండా పోయినట్టే. నెమ్మదిగా నడిపినప్పుడు ఈ నష్టం ఇంకా ఎక్కువ. వల లాగుతూ, కాలువల్లో మెల్లగా తిరుగుతూ రోజంతా గడిపేవాళ్ళకి ఫోర్ స్ట్రోకు పెట్రోలు ఖర్చు బాగా తగ్గేది అందుకే.

ఆ పోయిన పెట్రోలు ఎక్కడికి పోతుంది? బోటు మోటారు పొగగొట్టం నీళ్ళలోపలే ఉంటుంది. కదలని నీళ్ళలో టూ స్ట్రోకు మోటారు స్టార్ట్ చేసి వెనక్కి చూడండి, బుడగలు పైకొచ్చిన చోట రంగురంగుల పొర పరుచుకుంటుంది. పెట్రోలుతో పాటు అందులో కలిపిన నూనె కూడా అది. రొయ్య పిల్లా, పీత పిల్లా, చేప పిల్లా పెరిగేది మడ చెట్ల వేళ్ళ మధ్య నీళ్ళలోనే. ఆ నీళ్ళలో పడ్డ నూనె మీ వేట మీద పడ్డట్టే. కాలువల్లో ఫోర్ స్ట్రోకే వాడమని నేను గట్టిగా చెప్పేది ముఖ్యంగా ఇందుకే, పెట్రోలు ఖర్చు ఆ తర్వాతి సంగతి. అమెరికాలో 1990ల చివరి నుంచి పొగ నిబంధనలు బిగించాక కార్బురేటరు ఉన్న టూ స్ట్రోకు కొత్త మోటార్లు అక్కడి దుకాణాల్లో దాదాపు కనిపించకుండా పోయాయి.

మరి టూ స్ట్రోకు ఎందుకు బతికి ఉందంటే, మొదటి కారణం బరువు. వాల్వులు, వాటిని తెరిచి మూసే క్యామ్ షాఫ్టు, నూనె తొట్టి లేవు కాబట్టి అదే హార్స్‌పవర్‌కి తేలిగ్గా ఉంటుంది. 15 హార్స్‌పవర్ దగ్గర తేడా పది కిలోల పైనే ఉండొచ్చు. రోజూ మోటారు విప్పి భుజాన వేసుకుని ఒడ్డెక్కేవాళ్ళకి అది చిన్న బరువు కాదు. రెండోది, ప్రతి చుట్టుకీ ఒకసారి మండుతుంది కనుక ఊపు చురుగ్గా అందుతుంది. మొగ దగ్గర అల లేచేలోపు దాటాల్సినవాడికి ఆ ఊపు కావాలి. మూడోది, అల కొట్టి మోటారు మునిగిందనుకోండి. వెంటనే నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు తీసి, నీళ్ళు ఒంపి, తాడు నాలుగుసార్లు లాగి ఆరబెడితే టూ స్ట్రోకు చాలాసార్లు లేస్తుంది. ఫోర్ స్ట్రోకైతే కింది నూనెలో నీళ్ళు కలిసిపోతాయి, నూనె ఒకటికి రెండుసార్లు మార్చి కడగాలి. ఒడ్డు మీద అది కుదిరే పని కాదు. పైగా టూ స్ట్రోకు విప్పి బిగించగల మేస్త్రి ఏ రేవులోనైనా దొరుకుతాడు.

టూ స్ట్రోకు కొంటే నూనె కలపడం మాత్రం నేర్చుకునే తీరాలి. ఇప్పటి మోటార్లలో చాలావాటికి యాభైకి ఒకటి, అంటే లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు. కొత్త మోటారుకి మొదటి గంటల్లో దానికి రెట్టింపు. మీ మోటారు పుస్తకంలో ఎంత రాసి ఉంటే అంతే పొయ్యండి, కంటి అంచనా వద్దు. నూనె తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే ప్లగ్గు మసి పడుతుంది. సగం పెట్రోలు పోసి, నూనె పోసి, డబ్బా బాగా కుదిపి, తర్వాత మిగతా పెట్రోలు పొయ్యాలి. స్కూటర్ నూనె చవకని అదే పోసేవాళ్ళున్నారు. అది గాలికి చల్లబడే ఇంజన్లకి చేసింది. మన మోటార్లు నీటితో చల్లబడతాయి, డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉన్న నూనే వాడాలి.

ఇప్పుడు బంకుల్లో పెట్రోల్లో ఇథనాల్ కలిపి వస్తోంది. అది తేమ పీల్చుకుంటుంది. వేట నిషేధం రోజుల్లో మోటారు ఊరికే పడి ఉంటుంది కదా, అప్పుడు టాంకులో, కార్బురేటర్లో పెట్రోలు ఉంచకండి. ఇది రెండు రకాలకీ వర్తిస్తుంది.

ఫోర్ స్ట్రోకు తీసుకున్నవాళ్ళు రెండు విషయాలు పట్టించుకోవాలి. మొదటి 20 గంటల తర్వాత ఒకసారి, ఆ తర్వాత సుమారు ప్రతి 100 గంటలకీ నూనె మార్చాలి. మీది ఎన్ని గంటలకో పుస్తకంలో చూసుకోండి. ఆటోలో వేసి అమలాపురమో కాకినాడో తీసుకెళ్ళేటప్పుడు ఏ పక్కకి పడుకోబెట్టాలో కంపెనీవాళ్ళు చెబుతారు, ఆ పక్కకే పడుకోబెట్టండి. లేకపోతే నూనె సిలిండర్లోకి జారిపోతుంది. వాల్వుల సెట్టింగ్ తెలిసిన మేస్త్రి మీకు ఎంత దూరంలో ఉన్నాడో కొనకముందే కనుక్కోండి. ఐటీఐలో ఉన్న పిల్లలూ, ఈ పని నేర్చుకున్నవాళ్ళు మన రేవుల్లో తక్కువ. మీలో ఒకరు నేర్చుకుంటే ఊరందరికీ ఆ మోటారు కొనే ధైర్యం వస్తుంది.

ఏది కొన్నా, స్టార్ట్ చేయగానే పక్కన సన్నటి ధారగా నీళ్ళు చిమ్ముతున్నాయో లేదో చూడండి. వరద రోజుల్లో గోదారి ఎర్రనీళ్ళలో ఒండ్రు ఎక్కువ, అది నీళ్ళ పంపులోని రబ్బరు రెక్కల్ని అరగదీస్తుంది. ధార సన్నబడితే ఆపెయ్యండి, "రేవు దాకా వెళ్దాం" అనుకోకండి. ఉప్పునీళ్ళలో తిరిగొచ్చిన ప్రతిసారీ పీపాలో మంచినీళ్ళు పోసి మోటారుని కాసేపు అందులో నడపండి.

పాత మోటారు కొనేవాళ్ళు గేర్ నూనె మరలు కాస్త వదులు చేసి నాలుగు చుక్కలు వేలి మీద తీసుకోండి. పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్ళు పోతున్నాయి, సీల్ పోయింది. ఆ ఖర్చు బేరంలో తగ్గించమని అడగండి, తగ్గించకపోతే వదిలేసి ఇంకో దుకాణం చూడండి.

మీ తాతయ్య