ఫామ్ వన్ రిపోర్టు చూసి డబ్బు ఆపేయకండి

జూలై వస్తే నా ఫోన్‌కు తీరిక ఉండదు. ఇక్కడ టాంజానియాలో పిల్లల చదువుకు డబ్బు పంపే స్పాన్సర్లకు సగం ఏడాది రిపోర్టులు చేరేది అప్పుడే. అరూషా దగ్గర ఒక బోర్డింగ్ స్కూల్లో లెక్కలు చెబుతాను. పిల్లల చదువు సంగతులు స్పాన్సర్లకు రాసి పంపే పనీ నాదే. మొన్న హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేశారు. "ఏడో తరగతిలో ఫస్టు వచ్చిన పిల్ల అన్నారు. ఇప్పుడు మూడు ఎఫ్‌లు. హాస్టల్లో చేరి చెడిపోయినట్టుంది. వేరే పిల్ల ఎవరైనా ఉంటే చూడండి."

అపోహ: మార్కులు పడిపోయాయంటే చదవడం లేదని అర్థం.

కాదండీ, భాష మారింది. ఇక్కడి ప్రభుత్వ ప్రైమరీ బడుల్లో ఏడో తరగతి దాకా పాఠాలన్నీ స్వాహిలీలో. జనవరిలో ఫామ్ వన్‌కు, అంటే హైస్కూలు మొదటి ఏడాదికి రాగానే దాదాపు అన్నీ ఇంగ్లిష్‌లో. పోయిన ఏడాది 'పెంబెటాటు' అని చదువుకున్నది ఇప్పుడు ట్రయాంగిల్. పెంబె అంటే కోణం, టాటు అంటే మూడు. మన త్రిభుజం లాగే పేరు వింటే బొమ్మ కనబడుతుంది. ట్రయాంగిల్ అంటే ఆ పిల్లకు ఏం కనబడాలి? పదో తరగతి తెలుగు మీడియంలో చదివి ఇంటర్ ఇంగ్లిష్ మీడియంలో చేరినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. నేనూ ఆ బాపతే. గురుకులంలో నేనే ఫస్టు. ఇంటర్‌లో మొదటి ఫిజిక్స్ యూనిట్ టెస్టులో 25కి 4. మా నాన్న తిట్టలేదు. "చదవలేదా, అర్థం కాలేదా?" అని మాత్రం అడిగాడు.

అదే ప్రశ్న ఈ అమ్మాయిని అడిగాను. బయాలజీ పేపరు సగం ఖాళీ. మలేరియా ఎలా వస్తుందో స్వాహిలీలో చెప్పమంటే ఆపకుండా చెప్పింది, పేపరు వెనక దోమ బొమ్మ కూడా గీసింది.

ఫామ్ టూ చివర నెక్టా, అంటే ఇక్కడి జాతీయ పరీక్షల మండలి, పెట్టే జాతీయ పరీక్ష ఉంటుంది. అప్పటిదాకా ఓపిక పట్టండి. మధ్యలో డబ్బు ఆగితే పిల్ల ఇంటికి పోతుంది. ఒక అబ్బాయికి ఇలాగే ఆగిపోయి, ఇంకో స్పాన్సర్ దొరికేసరికి ఒక టర్మ్ గడిచిపోయింది. ఆ టర్మ్ అంతా పశువుల వెనక తిరిగాడు. మళ్లీ వచ్చాడు గానీ, అప్పుడు చెప్పిన ఆల్‌జీబ్రా దగ్గర ఇప్పటికీ తడబడతాడు.

అపోహ: పాయింట్లు ఎక్కువ వస్తే గొప్ప.

పూర్తిగా తలకిందులు. ఫామ్ ఫోర్ జాతీయ పరీక్షలో 'ఎ' (A) గ్రేడుకు 1 పాయింటు, ఎఫ్ (F)కు 5. బాగా వచ్చిన ఏడు సబ్జెక్టులవి కలుపుతారు. 7 నుంచి 17 వరకు డివిజన్ వన్, అన్నిటికన్నా పై మెట్టు. ఒకావిడ 9 పాయింట్లు చూసి ఏడ్చినంత పని చేశారు. స్వీట్లు పంచండమ్మా అన్నాను.

అపోహ: ప్రభుత్వ బడిలో ఉచితమే కదా, స్పాన్సర్ ఎందుకు?

2016 నుంచి ఫామ్ ఫోర్ దాకా ఫీజు లేని మాట నిజమే. పరుపు, ట్రంకు పెట్టె, యూనిఫాం, బస్సు ఛార్జీ ఎవరిస్తారు?

ఇక హాస్టల్లో తిండి పెట్టరని తిరిగే వాట్సాప్ మెసేజీలు. ఎవరు రాస్తారో వాళ్లకే తెలియాలి. ఉగాలి పెడతారు, అంటే మొక్కజొన్న పిండి సంకటి, పక్కన రాజ్మా లాంటి గింజల కూర. నేను కడప వాణ్ణి, సంకటికి వంక పెట్టలేను.

ఆ దోమ బొమ్మను ఫోటో తీసి హైదరాబాద్ ఆయనకు పంపాను. "సరే, ఈ టర్మ్ కట్టేస్తాను. కానీ దోమ తోక పైకెత్తి ఉందేంటి, బొమ్మ కూడా సరిగ్గా రాదా?" అని రాశారు. మలేరియా దోమ అలాగే కూర్చుంటుందని చెప్పడానికి ఇప్పుడు మళ్లీ ఫోన్ చేయాలి.